పోచంపల్లి, గద్వాల, నారాయణపేట: మన పేర్ల మీద నిఘా అమ్మితే సోషల్ మీడియాకు ఎంత, మనకెంత?

ఈ ఎపిసోడ్‌లో బ్రాండ్ మానిటరింగ్ గురించి మాట్లాడుకుందాం. పేరు పెద్దగా ఉంది గానీ విషయం చిన్నదే. మన సరుకు గురించి బయట ఎవరేమనుకుంటున్నారో, మన పేరు పెట్టుకొని ఎవరేం అమ్ముతున్నారో కనిపెట్టుకొని ఉండటం, అంతే. ఎనకట సంతకు పోయిన మనిషి సాయంత్రం ఇంటికొచ్చి "మన చీరను ఫలానా దుకాణంలో అట్లా అన్నరు, ఇట్లా అన్నరు" అని చెప్పేటోడు కదా, ఆ పనిని ఇప్పుడు కంప్యూటర్ చేస్తున్నది. సంత ఒక ఊర్లో ఉండేది. ఇప్పటి సంత ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో, ఎక్స్‌లో ఉంది. ఆ సంత జాగా ఒక కంపెనీది. మరి ఆ కంపెనీ ఈ కబుర్లు చేరవేసే పని మీద డబ్బు సంపాదించొచ్చా? ఎట్లా సంపాదిస్తుంది? ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది? ఈ మూడు ప్రశ్నలు చూద్దాం.

ఉదాహరణకు పెద్ద పెద్ద కూల్‌డ్రింక్ కంపెనీలను తీసుకోను. మన దగ్గరున్న బ్రాండ్లనే తీసుకుంటా. పాత నల్లగొండ జిల్లాలో పోచంపల్లి ఇక్కత్, పుట్టపాక తేలియా రుమాల్. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో గద్వాల చీర, నారాయణపేట చీర. జిల్లాలు మారినయి. 2016లో పోచంపల్లి యాదాద్రి భువనగిరిలోకి పోయింది, గద్వాల జోగులాంబ పేరుతో సొంత జిల్లా అయ్యింది, నారాయణపేట 2019లో జిల్లా అయ్యింది. జిల్లాల పేర్లు మారినా చీరల పేర్లు మారలేదు. బ్రాండ్ అంటే అదే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ వచ్చింది. తర్వాత గద్వాలకు, నారాయణపేటకు వచ్చింది. 2020లో తేలియా రుమాల్‌కు వచ్చింది.

ఇప్పుడు సమస్య ఏందో చూడండి. ఇక్కత్‌లో రంగు నూలుకే పడుతుంది. ముందు నూలును లెక్క ప్రకారం కట్టాలి, రంగులో ముంచాలి, విప్పాలి, మళ్లీ కట్టాలి. ఆ తర్వాతనే మగ్గమెక్కుతుంది. ఆసు పోయడానికి ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడాలి. ఆ నొప్పిని తన తల్లి పడుతుంటే చూడలేకనే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం చేసిండు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంత చాకిరీ ఉన్న డిజైన్‌ను ఒక మిల్లులో పాలిస్టర్ బట్ట మీద ప్రింటు కొట్టి, ఫోటో తీసి, "పోచంపల్లి చీర, ఆఫర్" అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఎట్లుంటది? ఫోన్ తెర మీద రెండూ ఒకటే తీరు కనపడతయి. బట్ట తిరగేసి చూస్తే తేడా తెలుస్తది. నేసిన ఇక్కత్‌కు రెండు పక్కలా డిజైన్ దాదాపు ఒకే తీరు ఉంటది, ప్రింటుకు వెనక పక్క వెలసినట్టుంటది. కానీ ఫోన్‌లో బట్ట తిరగేసేదెట్లా?

కొన్నామె మోసపోయి, "పోచంపల్లి అంటే ఇంతేనా, ఒక్క ఉతుకుకే రంగు పోయింది" అని రాస్తది. ఆ మాట పడేది ప్రింటు కొట్టినోడికి కాదు, మగ్గం మీద కూసున్నోడికి. అందుకే ఈ కనిపెట్టుకొని ఉండే పని ఎవరో ఒకరు చెయ్యాలి. అది షోకు కాదు, తిండి విషయం.

సరే, పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. మొదట కొన్ని మాటలు ఎంచుకుంటారు. ఆ మాటలున్న బహిరంగ పోస్టులన్నీ ఏరుకొస్తారు. వాటిలో మనకు సంబంధం లేనివి పారేస్తారు. మిగిలినవి మెచ్చుకోళ్లా, తిట్లా, ప్రశ్నలా అని వేరు చేస్తారు. చివరికి ఒక తెర మీద గ్రాఫ్ గీసి చూపిస్తారు. చెప్పడానికి నాలుగు ముక్కలు, చెయ్యడానికి నానా తిప్పలు.

పోచంపల్లి అని వెతకండి. భూదాన్ ఉద్యమం వస్తుంది, ఎందుకంటే 1951లో వినోబా భావే అక్కడే దాన్ని మొదలుపెట్టిండు. పోచంపల్లి ఇంటిపేరున్న మనుషులు వస్తారు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీదారులు వచ్చి మగ్గాలు చూసిపోయినప్పటి ఫోటోలు వస్తయి. గద్వాల అని ఇంగ్లిష్‌లో వెతికితే ఇంకా తమాషా. అదే పేరు పలికే ఒక బాతు జాతి ఉంది, చలికాలం మన చెరువులకు వలస వస్తది. పక్షుల ఫోటోలు తీసేవాళ్లంతా మన చీర లెక్కల్లోకి వచ్చి కూసుంటరు. నారాయణపేట అని కొడితే జిల్లా కలెక్టరేట్ వార్తలు వస్తయి. ఇగ మనోళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తరు, ఒక్కొక్కరు ఒక్కో తీరు. అంతకంటే పెద్ద చిక్కు వెటకారం. "అబ్బో, మస్తుంది మీ చీర, ఒక్క ఉతుకుకే తెల్లగైంది" అని రాస్తే, మస్తు అనే మాట చూసి యంత్రం మెచ్చుకోలు కింద వేస్తది. మన యాస తెలిసిన మనిషి ఒకరు పక్కన లేకుంటే ఆ గ్రాఫ్‌ను నమ్మలేం.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. ప్లాట్‌ఫారాలు దీని మీద సంపాదించడానికి నాకు ఐదు దారులు కనపడుతున్నయి. కొన్ని ఇప్పటికే నడుస్తున్నయి.

మొదటిది, టోకు అమ్మకం. పోస్టులన్నిటినీ ఒక ప్రవాహంలాగా పెద్ద కొనుగోలుదారులకు ఇయ్యడం. ట్విట్టర్ 2009లోనే గూగుల్‌తో, మైక్రోసాఫ్ట్‌తో ఇట్లాంటి ఒప్పందాలు చేసుకుంది. తర్వాత గ్నిప్ లాంటి మధ్య కంపెనీలు ఆ డేటా కొని, బ్రాండ్ మానిటరింగ్ చేసే చిన్న కంపెనీలకు అమ్మేవి. 2014లో ట్విట్టర్ ఆ గ్నిప్‌నే కొనేసింది, మరుసటి ఏడాది బయటి దళారుల అమ్మకం బందు పెట్టింది. మన మార్కెట్ యార్డు భాషలో చెప్పాలంటే కమీషన్ దుకాణాన్ని రైతే కొనేసుకున్నట్టు. 2021లో ట్విట్టర్ మొత్తం ఆదాయం సుమారు 508 కోట్ల డాలర్లు. అందులో డేటా లైసెన్సులు, ఇతరాల కింద వచ్చింది సుమారు 57 కోట్ల డాలర్లు. అంటే వంద రూపాయల్లో పదకొండు రూపాయలు. మిగతాదంతా ప్రకటనలే. కబుర్లు అమ్ముకుంటే చిల్లర కాదు, కానీ ప్రకటనల్ని మించిన పంట కూడా కాదు.

రెండోది, మీటరు. కరెంటు మీటరు తీరే. ఎన్నిసార్లు అడిగితే అంత బిల్లు. రెడిట్ 2023లో వెయ్యి కాల్స్‌కు 24 సెంట్ల ధర పెట్టింది. కాల్ అంటే మన ప్రోగ్రామ్ వాళ్ల కంప్యూటర్‌ను ఒకసారి అడగడం. ఆ ధర పెద్ద యాప్‌లకు భారమై, అపోలో అనే పేరున్న యాప్ మూతపడింది. మరో పక్క 2024లో షేర్ మార్కెట్‌కు వచ్చేటప్పుడు డేటా లైసెన్సు ఒప్పందాల మొత్తం విలువ 20 కోట్ల 30 లక్షల డాలర్లని రెడిట్ చెప్పింది. వాటిలో కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చే ఒప్పందాలు కూడా ఉన్నయి. అంటే అదే పంటకు రెండో కొనుగోలుదారుడు దొరికిండన్నమాట.

మూడోది, ప్యాకేజీ. నెలకు ఇంత కట్టు, ఇన్ని పోస్టులు చదువుకో. ఎక్స్ 2023లో ఉచిత దారి మూసేసి నెలకు 100 డాలర్ల ప్యాకేజీ, 5,000 డాలర్ల ప్యాకేజీ అని పెట్టింది, ఆ పైన పెద్ద కంపెనీలకు ఇంకా పెద్ద ధరలు.

నాలుగోది, జవాబు మీద సంపాదన. కబురు వినడం ఒకటి, తిరిగి మాట్లాడటం ఒకటి. వాట్సాప్‌లో మన మాటలు తాళం వేసి పోతయి, మధ్యలో కంపెనీ కూడా చదవలేదు. అందుకే అక్కడ మానిటరింగ్ కుదరదు. కానీ పెద్ద వ్యాపారాలు ఖాతాదారులకు పంపే మెసేజ్‌ల మీద వాట్సాప్ ఛార్జీ వసూలు చేస్తుంది. 2025 జూలై నుంచి అది మెసేజ్ లెక్కన నడుస్తున్నది. చిన్న దుకాణాలు వాడే బిజినెస్ యాప్ మాత్రం ఉచితమే.

ఐదోది, హక్కుల కాపలా. యూట్యూబ్ 2007లో కంటెంట్ ఐడీ తెచ్చింది. మీ పాటను ఎవరైనా తమ వీడియోలో పెడితే యంత్రం పట్టేస్తది. అప్పుడు మీరు ఆ వీడియోను ఆపొచ్చు, లేదా ఉండనిచ్చి దాని మీద వచ్చే ప్రకటన డబ్బు తీసుకోవచ్చు. ఎక్కువ మంది హక్కుదారులు డబ్బు తీసుకోవడానికే మొగ్గు చూపుతారు. ఇక్కడ కాపలా కాసినందుకు ఎవరూ ఫీజు కట్టట్లేదు. పట్టుకున్న సరుకు మీద వచ్చే ఆదాయంలో యూట్యూబ్‌కూ వాటా, హక్కుదారుకూ వాటా.

ఈ ఐదింటిలో మన నేత సొసైటీకి ఏది సరిపోతుంది? ఊరికే లెక్క కోసం అనుకుందాం. డాలర్‌కు 85 రూపాయలు వేసుకుంటే 5,000 డాలర్ల ప్యాకేజీ నెలకు నాలుగు లక్షల పాతిక వేలు. ఒక చీర మీద సొసైటీకి 500 రూపాయలు మిగులుతయి అనుకుంటే, ఆ బిల్లు ఒక్కటి కట్టడానికే నెలకు 850 చీరలు అమ్మాలి. కాని పని. అదే మీటరు లెక్కన చూద్దాం. వెయ్యి కాల్స్‌కు 24 సెంట్లంటే సుమారు ఇరవై రూపాయలు. నెలకు 30,000 కాల్స్ పడినా ఆరు వందలు. ఒక చీర మీద మిగిలేదానికంటే కొంచెం ఎక్కువ, అంతే.

ఇందులో నాకు ఒక సంగతి కనపడింది. మీటరు పద్ధతి కోట్ల మంది వాడే యాప్‌ను ముంచుతుంది గానీ, చిన్న బ్రాండ్‌కు తేలిక. ప్యాకేజీ పద్ధతి పెద్ద కంపెనీకి తేలిక, చిన్న బ్రాండ్‌కు తలుపే తెరుచుకోదు. ప్లాట్‌ఫారాలు చిన్నవాళ్ల దగ్గర సంపాదించలేమని అనుకుంటే అది ధర పెట్టిన తీరులో ఉన్న లోపం, చిన్నవాళ్ల దగ్గర డబ్బు లేక కాదు. దేశంలో జీఐ వచ్చిన వస్తువులు వందల్లో ఉన్నయి. తలా కొంచెం కట్టినా అది ఒక ఆదాయమే.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇది బాగా ఆలోచించాల్సిన మాట. నకిలీ పోచంపల్లి అమ్మేవాడు ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన వేసిండనుకోండి, ప్లాట్‌ఫారానికి డబ్బు వచ్చింది. ఆ ప్రకటన మీ మీద ఎంత దెబ్బ కొడుతున్నదో చూపిస్తానని అదే ప్లాట్‌ఫారం నేతన్నకు మానిటరింగ్ అమ్మితే, రెండోసారి డబ్బు వచ్చింది. దొంగకు తలుపు తీసి, ఇంటాయనకు తాళం అమ్మినట్టు కాదా? నకిలీలు ఎంత ఎక్కువైతే కాపలాకు అంత గిరాకీ. ఈ లెక్కలో నకిలీలను తగ్గించాలన్న తొందర కంపెనీకి ఎందుకుంటది? అందుకే నా మాట ఏందంటే, జనం ఏమనుకుంటున్నారో తెలిపే సేవకు ధర పెట్టుకోండి, తప్పు లేదు. నకిలీని పట్టిచ్చే సేవకు మాత్రం బాధితుడి దగ్గర పైసా తీసుకోవద్దు.

నిజానికి పట్టిచ్చే సేవలు కొన్ని ఉచితంగానే ఉన్నయి. మెటా కంపెనీకి బ్రాండ్ రైట్స్ ప్రొటెక్షన్ అని ఒకటుంది. కానీ అది రిజిస్టర్ అయిన ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్ల కోసం. జీఐ అనేది ట్రేడ్‌మార్క్ కాదు. ట్రేడ్‌మార్క్ ఒక కంపెనీది, ఒక యజమానిది. జీఐ ఒక ప్రాంతానిది, ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసే అందరిదీ. 1999 జీఐ చట్టం ప్రకారం నకిలీ గుర్తింపుతో అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నయి. చట్టంలో ఇంత బలం ఉన్న హక్కుకు ఫోన్‌లో ఒక గడి కూడా లేకపోవడమే అసలు తిప్పలు.

దీనికి పరిష్కారం కష్టమైందేం కాదు. జీఐ కింద నమోదైన నేతగాళ్లకు, వ్యాపారులకు అధీకృత వినియోగదారుగా రిజిస్ట్రేషన్ ఉంటది. ఎవరైనా ప్రకటనలో "పోచంపల్లి చేనేత" అని రాస్తే ప్లాట్‌ఫారం ఆ నంబరు అడగాలి. నంబరు సరిచూసే ఖర్చును ప్రకటన వేసేవాడి బిల్లులో కలపాలి. అట్లా చేస్తే ప్లాట్‌ఫారానికి ఆదాయం ఉంటది, కొనేవాళ్లకు ఒక గుర్తు కనపడుతుంది, నేతన్న మీద భారం పడదు. ఎన్నికల ప్రకటనలు వేసేవాళ్ల గుర్తింపు ముందే సరిచూసే పద్ధతి ఇప్పటికే ఉంది కదా, చీరకు ఎందుకు కుదరదు?

ఇగ రెండో పక్క కూడా చూడాలి. కనిపెట్టుకొని ఉండటం ఎక్కడ ఆగాలి? పోస్టు రాసినామెకు తన మాటను ఎవరో కొంటున్నరని తెలియదు. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు, జనం రాసిందాన్ని కంపెనీ అమ్ముతున్నది. 2016లో అమెరికాలో జియోఫీడియా అనే కంపెనీ సోషల్ మీడియా డేటాను పోలీసులకు అందిస్తున్నదని, నిరసనలు చేసేవాళ్లను కనిపెట్టడానికి అది పనికొస్తున్నదని బయటపడితే, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ట్విట్టర్ దానికి డేటా దారి తెంపేసినయి. మన దేశంలో 2018లో కేంద్ర ప్రభుత్వం సోషల్ మీడియా కమ్యూనికేషన్ హబ్ పెడతామంది. ఇది నిఘా రాజ్యం లాగా అవుతుందని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది, ఆగస్టులో ప్రభుత్వం ఆ ఆలోచన వెనక్కి తీసుకుంది. చీర మీద మాటలు వినే యంత్రం, ప్రభుత్వం మీద మాటలు వినే యంత్రం వేరు కావు. వెతికే మాట మారితే చాలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా, మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టిన సమాచారానికి వర్తించదు. కాబట్టి ఇక్కడ గీత మనమే గీసుకోవాలి. ఎంతమంది ఏమన్నరో లెక్క అమ్మొచ్చు, ఎవరన్నరో పేరు అమ్మొద్దు. సొసైటీకి కావాల్సింది "రంగు పోతుందని ఈ నెల ఇంతమంది అన్నరు" అనే మాటే. ఆమె ఇల్లెక్కడ, ఆమె ఇంకేం రాసింది అనేది సొసైటీకి అక్కరకు రాదు.

ఈ మార్పులన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకొని కూసోవాల్నా? అక్కర్లేదు. డబ్బు లేకుండా చెయ్యగలిగిన పనులు నాలుగు చెప్తా, సొసైటీలో చదువుకున్న పిల్లగాళ్లు ఎవరైనా వారానికి ఒక గంట కూసుంటే అయిపోతది.

ఒకటి, మెటా యాడ్ లైబ్రరీ. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో నడుస్తున్న ప్రకటనలు ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. దేశం ఇండియా అని పెట్టి, పోచంపల్లి, ఇక్కత్, గద్వాల అని తెలుగులో, ఇంగ్లిష్‌లో, వచ్చే రకరకాల స్పెల్లింగులతో వెతకండి. ఏ పేజీ ఎప్పటి నుంచి ప్రకటన వేస్తున్నదో కనపడతది.

రెండు, గూగుల్ అలర్ట్స్. మన పేరు వార్తల్లో, వెబ్‌సైట్లలో వస్తే మెయిల్ వస్తది. దీనికీ పైసా ఖర్చు లేదు.

మూడు, ఒక నోటు పుస్తకం లేదా ఎక్సెల్ షీట్. తేదీ, పేజీ పేరు, లింకు, స్క్రీన్‌షాట్, చెప్పిన ధర. ఇది లేకుండా ఎన్ని ఫిర్యాదులు చేసినా గాలి మాటలే. మగ్గం చీర తయారీకయ్యే ఖర్చుకంటే చాలా తక్కువకు అమ్ముతున్నాడంటే అదే మొదటి అనుమానం.

నాలుగు, ఫిర్యాదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి ప్లాట్‌ఫారానికి ఫిర్యాదుల అధికారి ఉండాలి. జీఐ రిజిస్ట్రేషన్ పత్రం జత చేసి ఆయనకు రాయండి. జవాబు నచ్చకుంటే 30 రోజుల్లోపు కేంద్రం 2023లో పెట్టిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే పోవచ్చు. దాంతోపాటు సొసైటీ సొంత లోగోకు ట్రేడ్‌మార్క్ తీసుకునే వీలుందేమో ఒక వకీలును అడగండి, ట్రేడ్‌మార్క్ ఉంటే ఇందాక చెప్పిన ఉచిత సేవల తలుపు తెరుచుకుంటది.

ఇంకో మాట. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట ఎవరికి వారు ఈ పని చెయ్యడం కంటే నలుగురూ కలిసి ఒక టేబుల్, ఒక కంప్యూటర్, ఒక మనిషి పెట్టుకుంటే ఖర్చు నాలుగో వంతు. పైగా ప్రింటు కొట్టేవాడు ఒక్క చీరతో ఆగడు. పొద్దున పోచంపల్లి అని అమ్మినోడే సాయంత్రం గద్వాల అని అమ్ముతడు. నాలుగు ఊర్ల నోటు పుస్తకాలు ఒకచోట పెడితే అదే పేజీ పేరు నాలుగింట్లోనూ కనపడొచ్చు. అట్లాంటి ఆధారంతో పోతే ప్లాట్‌ఫారం వాళ్లూ, పోలీసులూ వినక తప్పదు.

మొత్తం మీద చెప్పేదేందంటే, సోషల్ మీడియా కంపెనీలు బ్రాండ్ మానిటరింగ్ మీద సంపాదించడం తప్పు కాదు. ప్రకటనల మీదే బతికే కంపెనీకి ఇంకో ఆదాయం ఉంటే, జనాన్ని తెరకు అతికించి ఉంచాలన్న ఆరాటం కొంత తగ్గొచ్చు కూడా. కానీ చిన్నవాడు కట్టగలిగే మీటరు ఉండాలి, నకిలీ సరిచూసే ఖర్చు అమ్మేవాడి మీద పడాలి, మాట్లాడిన మనిషి పేరు అమ్మకానికి రాకూడదు. ఈ మూడూ లేకుంటే అది సేవ కాదు, మన పేరును మనకే అద్దెకివ్వడం.

వచ్చే ఎపిసోడ్‌లో జీఐ అధీకృత వినియోగదారుగా నమోదు కావడానికి ఏ కాగితాలు కావాలో ఒక్కొక్కటి చూద్దాం. అప్పటిదాకా మీ ఇంట్లో ఇక్కత్ చీర ఏదన్నా ఉంటే ఒకసారి తిరగేసి చూడండి.